కుడి చక్రంలో పసుపు రంగు

బాలమణి తొక్కిన బ్రేక్ పెడల్ అడుగుదాకా పోయింది. కాలు తీసి మళ్లీ తొక్కింది. ఈసారీ అంతే.

"దూది మూట తొక్కినట్టున్నది," అంది డ్రైవర్ సీట్లోంచి.

కారు వెనక ఎడమ చక్రం పక్కన ఆమె భర్త సామ్యూల్ నేల మీద పడుకుని ఉన్నాడు. అతని చేతిలో పానా ఉంది. కాళ్ల దగ్గర కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

శనివారం. మధ్యాహ్నం రెండు కావడానికి పది నిమిషాలు. ఎర్రవల్లి నుంచి గద్వాలకు పోయే రోడ్డు పక్కన కురుమూర్తి క్రేన్ షెడ్డు. యాక్సిడెంటయిన బండ్లను ఇక్కడికే లాక్కొస్తారు.

ప్రైవేట్ డిటెక్టివ్ శ్రీవాణి వాచీ చూసుకుంది. నాలుగు గంటలకు ట్రైలర్ వచ్చి ఈ కారును హైదరాబాద్ తీసుకుపోతుంది. ఆ తర్వాత వెతకడానికి ఆమెకు ఏమీ మిగలదు.

ఆమె దగ్గరున్న వివరాలు ఇవి. గురువారం ఉదయం ఎనిమిదీ నలభైకి ఈ కారు గద్వాలకు ఆరు కిలోమీటర్ల ఇవతల, వాలులో ఉన్న కల్వర్టు గోడను గుద్దింది. స్టీరింగ్ దగ్గరున్న ఉదయ్ కిరణ్ చనిపోయాడు. వయసు ముప్పై నాలుగు. విత్తన కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్. మొలకెత్తని పత్తి విత్తనాల మీద ఆ వారమే రిపోర్టు రాస్తున్నాడు. చూసిన సాక్షి ఒక్కడే. పేరు లక్ష్మణ్, రైతులతో విత్తనాలు పండించి కంపెనీలకు ఇచ్చే ఒక సీడ్ ఆర్గనైజర్ దగ్గర పనిచేస్తాడు. వనపర్తిలో బ్రేకులు చేయించుకుని పొద్దున్నే వస్తానని ఉదయ్ కిరణ్ తనకు చెప్పాడని, తాను కల్వర్టు దగ్గర ఎదురుచూస్తున్నానని, బండి వేగంగా వచ్చి ఆగకుండా గుద్దిందని వాంగ్మూలం ఇచ్చాడు. రోడ్డు మీద టైర్ల గీతలు లేవు. శుక్రవారం పదకొండు గంటలకు వాహనాల ఇన్‌స్పెక్టర్ వచ్చి పెడల్ తొక్కి చూశాడు. మెత్తగా పోయింది. బ్రేక్ గొట్టాల్లో గాలి ఉందని రాశాడు.

ఆ బ్రేకులు చేసింది వనపర్తిలో షెడ్డు ఉన్న సామ్యూల్. శుక్రవారం సాయంత్రం అతన్ని పట్టుకొచ్చారు. శనివారం పొద్దున బాలమణి నాగర్‌కర్నూల్ బస్సెక్కి శ్రీవాణి ఇంటి తలుపు కొట్టింది.

ఎస్సై సుదర్శన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "నాలుగింటి దాక మీ ఇష్టం మేడం," అని ముందే చెప్పాడు. "నాలుగు దాటితే నా రిపోర్టు నేను రాసుకుంట."

అతని పక్కన సాయితేజ నిలబడి ఉన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన పరిశోధకుడు. ఒకప్పుడు మూడేళ్లపాటు అతనూ శ్రీవాణీ ఒకే ఆఫీసులో పనిచేశారు. అతని ఫైల్లో సామ్యూల్ కోసం టైపు చేసి తెచ్చిన కాగితం ఉంది. బ్రేకుల్లోంచి గాలి సరిగా తీయలేదని ఒప్పుకుంటున్నాను అని అందులో ఒకే వాక్యం. సంతకం పెడితే నిర్లక్ష్యం కేసు, సాయంత్రానికి బెయిలు. ఇన్సూరెన్స్ ఫైలు కూడా అక్కడితో మూతపడుతుంది.

"ఇంకెంతసేపు తొక్కిస్తరు ఆమెతోని?" అన్నాడు సాయితేజ. "సంతకం పెడితే అయిపోయె. పొద్దుగూకేసరికి ఇంట్ల ఉంటడు."

సామ్యూల్ నేల మీదినుంచే తల తిప్పాడు. "సంతకం పెడితె రేపటి సంది నా తాన ఎవడు బ్రేకు చేయించుకుంటడు సారూ? పూణెల పదకొండేండ్లు ఉండి నేర్చుకున్నది గిదొక్కటే పని."

"పని చూస్తున్నం గదా."

శ్రీవాణి మధ్యలోకి వచ్చింది. "సామ్యూల్, మళ్లీ మొదటినుంచి చెయ్యి. ఒక్కొక్కటి చెప్పుకుంటూ చెయ్యి. ఎస్సైగారు వింటారు."

"చెప్పేదేమున్నది మేడం. పెడల్ తొక్కితె ఆయిల్ గొట్టాలల్ల పోయి చక్రం కాడ ప్యాడ్లను నూకుతది. నడుమ గాలి ఉన్నదనుకో, తొక్కుడంత గాలికే పోతది, ప్యాడ్లకు పోదు. గాలి తియ్యాలంటె దూరమున్న చక్రం సంది మొదలువెట్టాలె. ఎనక ఎడమది, ఎనక కుడిది, ముందల ఎడమది, కడకు డ్రైవర్ దిక్కుది."

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ మీద, ఒకరు చక్రం దగ్గర. సామ్యూల్ షెడ్డులో పెడల్ మీద కూర్చునేది ఎప్పుడూ బాలమణే. చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న బోల్టు ఉంటుంది. దానికి ప్లాస్టిక్ ట్యూబు తొడిగి రెండో కొస సీసాలో ముంచాడు.

"కొట్టు," అన్నాడు.

బాలమణి మూడుసార్లు తొక్కింది.

"పట్టు."

"పట్టిన."

అతను నిపుల్‌ను పావు చుట్టు తిప్పాడు. ట్యూబులోంచి ఆయిల్ సీసాలోకి వచ్చింది. బిగించాడు.

"ఇడువు."

ఆమె కాలు తీసింది.

సాయితేజ నవ్వాడు. "ఇది రిపేరా, కాపురమా?"

"రెండూ ఒకటే సారూ," అంది బాలమణి అతనివైపు చూడకుండా. "ఆయన బిగించకముందే నేను కాలు తీస్తిననుకో, గాలంత లోపలికి సొస్తది."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఎస్సై నవ్వలేదు.

వెనక ఎడమ చక్రంలో బుడగలు రాలేదు. అయిదుసార్లు చేశారు. వెనక కుడి చక్రంలోనూ రాలేదు. అక్కడా అయిదుసార్లు చేశారు. బాలమణి మళ్లీ పెడల్ తొక్కింది. అడుగుదాకా పోయింది. సామ్యూల్ పానాను నేలకేసి కొట్టాడు.

రెండూ ఇరవై అయిదు.

"వెనక గాలి లేదంటే?" అంది శ్రీవాణి.

"ఉన్న గాలంత ముందలనే ఉన్నట్టు."

"నువ్వు నాలుగింట్లోంచీ గాలి తీశావా?"

"నాలుగూ తీసిన. ఆమెనడుగు. పెడల్ రాయిలెక్క ఉండె."

"భార్య సాక్ష్యం," అన్నాడు సాయితేజ. రాసుకోలేదు.

ముందు ఎడమ చక్రం విప్పాలి. గుద్దుకున్నది ఆ వైపే. రిమ్ము రెండుచోట్ల పగిలింది, పగిలిన అంచుకు పసుపు రంగు అంటి ఉంది. కల్వర్టు గోడకు వేసిన నలుపు, పసుపు పట్టీల్లోది ఆ రంగు. షెడ్డు యజమాని కురుమూర్తి జాకీ తేవడానికి పన్నెండు నిమిషాలు తీసుకున్నాడు. అతనికి యాభై ఏళ్లుంటాయి. పొద్దుటినుంచి ఎవరూ అడగకపోయినా ఏదో ఒకటి మాట్లాడుతున్నాడు. జాకీ అడిగాక మాట్లాడటం మానేశాడు.

చక్రం ఊడింది. లోపల డిస్కు అనే ఇనుప రేకు, దాన్ని రెండు వైపులా పట్టుకునే కాలిపర్ కనిపించాయి. తొక్కినప్పుడు ప్యాడ్లను డిస్కుకు నొక్కేది ఈ కాలిపరే. సామ్యూల్ కూర్చుని ట్యూబు అందుకున్నాడు. అలవాటుగా కాలిపర్ పైభాగానికి చెయ్యి పోనిచ్చాడు. అక్కడ తడిమాడు. చెయ్యి ఆగింది. నెమ్మదిగా కిందికి జారింది. అక్కడా ఆగింది.

అతను చెయ్యి తీసేశాడు. ట్యూబు మళ్లీ నేల మీద పెట్టాడు.

శ్రీవాణి అతని పక్కన కూర్చుంది. "ఏమైంది?"

"ఏం లేదు మేడం."

"చెయ్యి అక్కడే ఎందుకు ఆగింది?"

అతను భార్యవైపు చూశాడు. "నిపుల్ కిందికున్నది."

"ఎక్కడ ఉండాలి?"

"పైకుండాలె. గాలి పైకి పోతది గదా మేడం. నిపుల్ పైనుంటెనే బయటికొస్తది. గిట్ల కిందికుంటె ఆయిలే వస్తది. పొద్దుందాక తొక్కినా గాలి లోపల్నే ఉంటది."

"నిపుల్ కిందికి ఎలా వచ్చింది?"

సామ్యూల్ ఆ నిపుల్‌ను మళ్లీ తడిమాడు. సాయితేజ అప్పటికే వంగి చూస్తున్నాడు. జవాబు అతనే ఇచ్చాడు.

"నేను చెప్త. ఎడమ కాలిపరు కుడికి, కుడిది ఎడమకు బిగిస్తే నిపుల్ కిందికొస్తది. చూడనీకి రెండూ ఒక్క తీరే ఉంటయి. కొత్తగ పని నేర్చుకునేటోళ్లు చేసే తప్పు ఇది. ఎస్సైగారూ, ఇంతకంటే ఏం కావాలె? మనకు దొరకని కారణం మేడం గారే దొరికించి పెట్టిండ్రు."

సుదర్శన్ కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు. జేబులోంచి నోటుబుక్కు తీశాడు.

"నేను కాలిపరే ఊడదియ్యలే సారూ," అన్నాడు సామ్యూల్. "ప్యాడ్లు మార్చనీకి కింది బోల్టు ఒక్కటి ఇప్పి కాలిపరు పైకి లేపుత. ఆయిల్ గొట్టం ఇప్పే పనే లేదు. గొట్టం ఇప్పకుంట ఈ దిక్కుది ఆ దిక్కుకు ఎట్ల పోతది?"

"విప్పలేదని చూసిందెవరు?" అన్నాడు సాయితేజ.

"నేను చూసిన," అంది బాలమణి.

"మీరుగాక?"

శ్రీవాణి లేచి నిలబడింది. "సాయితేజా, ఈ పెడల్‌తో వనపర్తినుంచి కల్వర్టుదాకా యాభై కిలోమీటర్లు ఎవరైనా నడుపుతారా? హైవే ఎక్కాలి, ఎర్రవల్లి దగ్గర దిగాలి, మధ్యలో ఎన్ని స్పీడు బ్రేకర్లు?"

"రెండు మూడుసార్లు కొట్టుకుంట పోతే బండి ఆగుతది. కాదంటే మీ మెకానిక్‌నే అడగండి."

శ్రీవాణి సామ్యూల్ వైపు చూసింది. అబద్ధం చెప్పమని ఆమె అడగలేదు. చెబితే బాగుండునని మాత్రం అనుకుంది.

"ఆగుతది," అన్నాడు సామ్యూల్. "మెల్లగ పోతే ఆగుతది."

సుదర్శన్ రాసుకున్నాడు. మూడు కావడానికి అయిదు నిమిషాలు. సాయితేజ ఫైల్లోంచి కాగితం తీసి కారు బానెట్ మీద పెట్టాడు. పక్కన పెన్ను పెట్టాడు.

శ్రీవాణి మళ్లీ ఎడమ కాలిపర్ ముందు కూర్చుంది. కోపం వచ్చినప్పుడు చూసిందాన్నే మళ్లీ చూడటం ఆమె పద్ధతి. కొత్త ఆలోచనలు రానప్పుడూ అదే చేస్తుంది. డిస్కు. కాలిపర్. దాని మీద ధూళి. ఆమె విప్పిన చక్రాన్ని దొర్లించుకుని దగ్గరికి తెచ్చింది. పగిలిన చోటును కాలిపర్‌కు ఎదురుగా పెట్టి చూసింది. రిమ్ము కమ్మీలు రెండు లేవు. కల్వర్టు రాయి వాటిని విరగ్గొట్టుకుని లోపలికి వచ్చింది. లోపల మొదట ఎదురయ్యేది కాలిపర్. దాని మీద గీత లేదు. రంగు లేదు.

"కుడి చక్రం విప్పండి," అంది.

"ఎందుకు?" అన్నాడు సాయితేజ. "అటు దిక్కు ఏం తగల్లేదు. ఫొటోలున్నయి, చూడుండ్రి."

"తగల్లేదు కాబట్టే విప్పమంటున్నా."

"మేడం, ఈ బండి ఇప్పుడు మా కంపెనీది. ఒక పార్టు కదిలించాలన్నా నా పర్మిషన్ ఉండాలె. ఎడమ చక్రం ఇప్పితె ఊకున్న. కుడిది ముట్టనియ్య. పాత ఆఫీసుల గూడ మీకు గిదే జబ్బు. ఫైలు మూసే టైముకు ఇంకో పేజీ తెరుస్తరు."

"నువ్వు మూసిన ఫైళ్లలో మూడు మళ్లీ తెరిచారు."

"రెండు."

"లెక్క నీకే బాగా గుర్తుంది."

సాయితేజ ముఖం ఎర్రబడింది. సుదర్శన్ ఇద్దరినీ చూశాడు. "పర్మిషన్ నాది," అన్నాడు. "పంచనామా కాలేదు, బండి ఇంకా నా కింద ఉన్నది. కురుమూర్తీ, ఇప్పు."

"చక్రం పానా కనపడ్తలేదు సార్," అన్నాడు కురుమూర్తి.

"పావు గంట కిందనే గదా దాంతోని ఎడమది ఇప్పినవ్?"

"ఏడ పెట్టిన్నో ఏమో సార్."

కానిస్టేబుల్ చుట్టూ చూశాడు. కురుమూర్తి కూర్చున్న డ్రమ్ము వెనక్కి చెయ్యి పెట్టి పానా బయటికి తీశాడు. 

మూడూ పదికి కుడి చక్రం ఊడింది. రిమ్ముకు దెబ్బ లేదు. టైరుకు దెబ్బ లేదు. వాటి వెనకున్న కాలిపర్ మీద బెత్తెడు పొడవున ఇనుము చెక్కుకుపోయి ఉంది. ఆ గాడిలో పసుపు రంగు ఉంది.

శ్రీవాణి సెల్‌ఫోన్ వెలుతురు దాని మీద వేసింది. "ఎస్సైగారూ, కుడివైపు ఏం తగిలింది?"

"ఏం తగల్లే."

"మరి దీనికి కల్వర్టు రంగు ఎక్కడిది?"

సుదర్శన్ లేచి అటు వెళ్లాడు. ఎడమ చక్రం చూశాడు. మళ్లీ ఇటు వచ్చాడు. చదువుకునేవాడు వాక్యాన్ని రెండోసారి చదివినట్టు నెమ్మదిగా చూశాడు.

"గుద్దినప్పుడు ఇది ఎడమ దిక్కు ఉండె," అన్నాడు.

"అవును. గుద్దిన తర్వాత ఎవరో రెండూ విప్పారు. తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేశారు. గాలి అప్పుడు పోయింది లోపలికి. వాహనాల ఇన్‌స్పెక్టర్ తొక్కింది సామ్యూల్ చేసిన బ్రేకు కాదు. గురువారం పొద్దుటికీ శుక్రవారం పొద్దుటికీ మధ్య ఎవరో చేసిన బ్రేకు."

సామ్యూల్ నేల మీద కూర్చుండిపోయాడు. బాలమణి కారు దిగి వచ్చి అతని పక్కన నిలబడింది. సాయితేజ ఫొటో తీసుకున్నాడు. బానెట్ మీది కాగితాన్ని తీసి ఫైల్లో పెట్టుకున్నాడు.

"కురుమూర్తీ," అన్నాడు సుదర్శన్. "ఇట్ల రా."

కురుమూర్తి రాలేదు. ఉన్న చోటే నిలబడి రెండు చేతులూ జోడించాడు. "నేనెవర్నీ సంపలే సార్."

"సంపినవని ఎవరన్నరు? కాలిపర్లు ఎందుకు ఇప్పినవ్?"

"అమ్ముకుందామని ఇప్పిన సార్. బండి తుక్కే గదా అనుకుంటి. ఇసువంటి బండ్లల్ల ఇంజను, గేరుబాక్సు పోతె ఎవలన్న అడుగుతరు గని కాలిపర్లు పోతె అడిగేటోళ్లు ఉండరు."

శ్రీవాణి ముందుకు వచ్చింది. "ఎప్పుడు విప్పావు?"

"గురువారం ఒంటిగంటకు. బువ్వ తిన్నంక."

"ఎవరికి ఇచ్చావు?"

"స్పేర్ పార్ట్సు ఆయనకు. సాయంత్రం ఆరింటికి ఎస్సైసారు ఫోన్ చేసి, రేపు ఇన్‌స్పెక్టర్ వస్తడు, బండిని ఎవర్నీ ముట్టనియ్యకు అనె. నాకు పానం పోయినంత పనాయె. ఉరికి పోయి కాళ్లు మొక్కి ఎనకకు తెస్తిని. ఆత్రంల బిగిస్తిని. ఏది ఏ దిక్కుదో చూసుకోలే."

"గాలి తీయలేదా?"

"పెడల్ తొక్కెటోళ్లు ఏరి మేడం? ఒక్కణ్నే ఉంటి. ఆయిల్ పోసి మూత పెట్టిన."

సుదర్శన్ అతన్ని ఒక మాట అన్నాడు. ఆ మాట పంచనామాలో రాయలేదు. సామ్యూల్ మాత్రం కురుమూర్తి వైపు చూస్తూనే ఉన్నాడు. "నీ రెండు కాలిపర్ల కోసం నేను లాకప్పుల పండుకుంటిని గదనే," అన్నాడు.

"అంతకుమించి ఏం ముట్టలే తమ్మీ. నా పిల్లల మీద ఒట్టు." భయం కురుమూర్తి నోటిని మళ్లీ తెరిచింది. ఇక ఆగలేదు. "ఎనిమిదీ నలభై అయిదుకు లక్ష్మణ్ ఫోన్ చేసె. తొమ్మిదీ అయిదుకల్ల క్రేను తోలుకొని పోతిని. అన్ని బండ్లలెక్క సతాయించలే సార్ ఆ బండి. గేరు గూడ న్యూట్రల్ల ఉండె, ఉత్తగనే గుంజితె వచ్చె. కింద దూరి కొక్కెం తగిలిస్తుంటె రేడియేటర్ పగిలి ఉండె, నీళ్లన్నీ నా మీదనే పడె, అంగీ లాగు అంత నానిపోయె. గంత కష్టపడితి."

"కాలలేదా?" అంది శ్రీవాణి.

అడగాలనుకుని అడిగిన ప్రశ్న కాదు. నోటినుంచి వచ్చేసింది.

"కాలుడేంది మేడం? బోరు నీళ్లలెక్క సల్లగుండె."

షెడ్డు ముందు రోడ్డు మీద ఆర్టీసీ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. సామ్యూల్ తల దించుకున్నాడు. సంగతి అతనికి అందరికంటే ముందు అర్థమైంది. అతను మెకానిక్.

రెండోవాడు సాయితేజ. "యాభై కిలోమీటర్లు ఉరికొచ్చిన బండి," అన్నాడు ఒక్కొక్క మాటా విడదీస్తూ. "గుద్దిన ఇరవై అయిదు నిమిషాలకు దాని రేడియేటర్ల నీళ్లు చల్లగ ఉన్నయంట."

"ఉండవు," అన్నాడు సుదర్శన్. "అరగంటయినా చెయ్యి పెట్టలేం."

"గేరు న్యూట్రల్. నీళ్లు చల్లన. బ్రేకులు బాగున్నయి, రోడ్డు మీద టైర్ల గీత లేదు. మేడం, కంగ్రాట్స్. ఇది యాక్సిడెంటు కాదు. రాత్రంతా ఎక్కడో ఆగి ఉన్న బండిని వాలు మీద నూకిండ్రు. లోపలున్న మనిషి అప్పటికే పోయి ఉండాలె."

శ్రీవాణి పగిలిన రేడియేటర్ వైపు చూసింది. పోస్ట్‌మార్టం రిపోర్టు ఇంకా రాలేదు. వస్తే అదే చెబుతుంది.

సుదర్శన్ కుర్చీ దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఫైలు తెరిచి ఒక కాగితం తీశాడు. "సామ్యూల్. గురువారం పగటాల నీ షెడ్డుకు వచ్చి నేనే అడిగిన. ఉదయ్ కిరణ్ ఎన్నింటికి బండి తీసుకపోయిండంటె ఏమన్నవ్?"

సామ్యూల్ బాలమణి వైపు చూశాడు.

"పొద్దున ఏడూ ఇరవై అన్నవ్. తన బండి తనే నడుపుకుంట పోయిండన్నవ్. నీ సంతకం ఉన్నది. ఆమె సంతకం ఉన్నది. ఏడూ ఇరవైకి వనపర్తిల బయలుదేరిన బండి తొమ్మిదీ అయిదుకు బోరు నీళ్లలెక్క ఎట్లుంటది?"

"సంతకం పెట్టుంటే ఈ పూట ఇంటికి పోతుండె," అన్నాడు సాయితేజ. ఈసారి అతను నవ్వలేదు. "బెయిలు దొరికే కేసును బెయిలు దొరకని కేసు చేసిండ్రు మేడం. హత్య కేసు. చనిపోయినాయన్ని చివరిసారి చూసింది మీ క్లయింట్లే."

శ్రీవాణి సామ్యూల్ ఎదురుగా కూర్చుంది. పొద్దుటినుంచి ఆమె ప్రతి చక్రాన్నీ అనుమానించింది. అతని మాటను అనుమానించలేదు. ఆ కోపం గొంతులో వినిపించకుండా జాగ్రత్తపడింది.

"ఏడూ ఇరవై ఎక్కడిది?"

"నోటికొచ్చిన టైం మేడం."

"ఎందుకు చెప్పావు?"

"చెప్పకు," అన్నాడు అతను. శ్రీవాణితో కాదు. భార్యతో.

బాలమణి అప్పటికే మొదలుపెట్టింది. "బండి తీసుకపోయింది ఆయన కాదమ్మా. బుధవారం పొద్దుమీకి ఆరున్నరకు ఇంకోడొచ్చె. ఉదయ్‌సారు పంపిండు, బండి కావాల్నంట అనె. ఈయన అప్పటికే చర్చికి పోయిండె, ప్రార్థనకు. నాకేం ఎరుక? తాళం నేనే ఇస్తిని. ఎవరికంటె వాళ్లకు బండి ఇచ్చినవా అని పోలీసోళ్లు నన్ను గుంజుకపోతరని, తెల్లారి గీ సారొచ్చి అడిగితె ఈయన అట్ల చెప్పె. నన్నూ అట్లనే చెప్పమనె."

"వాడిని చూస్తే గుర్తుపడతావా?" అంది శ్రీవాణి.

"ఎందుకు పట్ట? పెడల్ ఎట్లున్నదని వానికి నేనే తొక్కి సూపిస్తి."

సుదర్శన్ తన ఫోన్ తీశాడు. వేలితో జరుపుతూ ఒక ఫొటో దగ్గర ఆగాడు. గురువారం కల్వర్టు దగ్గర తీసిన ఫొటో. గుద్దుకున్న కారు, దాని పక్కన నలుగురు మనుషులు. ఫోన్ ఆమె ముందు పట్టాడు.

బాలమణి చూసింది. ఎడమ చివర నిలబడిన మనిషి మీద వేలు పెట్టింది.

"గీయననే."

అది లక్ష్మణ్. యాక్సిడెంట్ చూశానని చెప్పిన ఒకే ఒక్క సాక్షి.

సుదర్శన్ అతని నంబరు కొట్టి స్పీకర్ పెట్టాడు. స్విచాఫ్. మళ్లీ కొట్టాడు. స్విచాఫ్. కానిస్టేబుల్‌ను పిలిచి ఆర్గనైజర్ ఆఫీసుకు ఫోన్ చేయించాడు. లక్ష్మణ్ శుక్రవారం పొద్దుటినుంచి రాలేదని, ఎక్కడికి పోయాడో తెలియదని అక్కడివాళ్లు చెప్పారు.

మూడూ నలభై అయిదు.

"అతన్ని వెతకండి," అంది శ్రీవాణి. "చంపిందెవరో ఈమె చూపించింది."

"వెతుకుత. ఇప్పుడే వైర్‌లెస్‌ల చెప్త." సుదర్శన్ గొంతులో విరోధం లేదు. "కానీ మీరే చెప్పండి మేడం. రేపు వాడు దొరికి, నేను వనపర్తికే పోలేదంటడు. నా దగ్గర ఉన్నదేంది? వాడి వాంగ్మూలం, వీళ్ల వాంగ్మూలం. అబద్ధమని తేలింది వీళ్లది. వీళ్ల నోటితోనే తేలింది. బండి ఆఖరికి ఉన్నది వీళ్ల షెడ్డుల. వీళ్లను ఇంటికి పంపి నేను పై ఆఫీసర్‌కు ఏం జవాబు చెప్పాలె?"

"సామ్యూల్‌కు ఏ సంబంధమూ లేదని మీకూ తెలుసు."

"నాకు తెలిసింది రిపోర్టుల రాయలేను గదా."

శ్రీవాణి సాయితేజ వైపు చూసింది. పాత ఆఫీసులో ఉన్నప్పుడు ఇలాంటి సమయంలో అతను ఏదో ఒక దారి చెప్పేవాడు. అతను చక్రం బోల్టులను చూస్తూ నిలబడ్డాడు.

సుదర్శన్ కొత్త కాగితం తీసుకున్నాడు. తారీఖు వేశాడు. నిందితులు అని రాసి, ఒకటో అంకె పక్కన సామ్యూల్ పేరు, తండ్రి పేరు, ఊరు రాశాడు. దాని కింద రెండు అని అంకె వేశాడు. సామ్యూల్ లేవబోయాడు. కానిస్టేబుల్ అతని భుజం పట్టుకున్నాడు.

"తాళం ఇచ్చింది నేనే సార్," అన్నాడు సామ్యూల్. "ఆమెకేం తెల్వదు. ఆమెను ఇడిసిపెట్టుండ్రి."

సుదర్శన్ తలెత్తలేదు. పెన్ను ఆ అంకె పక్కనే ఆగి ఉంది.

"ఇంటిపేరు ఏందమ్మా?" అని బాలమణిని అడిగాడు.